ఇన్‌టేక్ మానిఫోల్డ్ మొదటిసారి సొంతంగా మార్చాక వచ్చే ఇంజన్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా షెడ్డు పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లే దారిలో కాలువ గట్టు పక్కన ఉంది. ఒకప్పుడు బానెట్ ఎత్తడానికే జంకే వాళ్లు ఇప్పుడు ఫోనులో వీడియో పెట్టుకుని, పానాలు కొనుక్కుని, ఇంటి వాకిట్లోనే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల దిమ్మ) విప్పేస్తున్నారు. నాకు అది సంతోషమే. తన బండి లోపల ఏముందో చూసిన మనిషి దాన్ని బాగా చూసుకుంటాడు. అయితే విప్పినంత సులువుగా బిగింపు కుదరదు. అంతా బిగించి తాళం తిప్పాక ఏదో ఒక తేడా కనిపిస్తుంది, అప్పుడు నాకు ఫోను వస్తుంది. అలా పదేపదే విన్న ప్రశ్నలకు జవాబులు ఇవి. మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. డీజిల్ బండ్ల సంగతి, గ్యాస్ కిట్ల సంగతి విడిగా చెప్పాను.

నిన్నటి వరకు ఇంజన్ బాగానే నడిచింది. మానిఫోల్డ్ మార్చగానే తేడా వచ్చిందంటే ఏదైనా సెన్సర్ పోయినట్టా?

దాదాపు ఎప్పుడూ కాదు. నిన్న పనిచేసిన సెన్సర్ ఇవాళ మీరు పని చేసిన పూటే చూసుకుని చచ్చిపోదు. తప్పు మీ చెయ్యి తగిలిన చోటే ఉంటుంది. కొత్త భాగం కొనడానికి బయలుదేరే ముందు ఒక కాగితం తీసుకుని, విప్పిన ప్రతి వస్తువునూ విప్పిన వరుసలో రాయండి.

చిన్న పెట్రోలు కారులో ఆ పట్టిక దాదాపు ఇలా వస్తుంది: ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పెద్ద గొట్టం, గాలిని అదుపు చేసే థ్రోటిల్ బాడీ, దాని కనెక్టర్, థ్రోటిల్ బాడీకి వచ్చే రెండు సన్నని కూలెంట్ పైపులు, మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, అవి కూర్చున్న పెట్రోలు రైలు, ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్, ఇంజన్ లోపలి ఆవిరిని తెచ్చే పీసీవీ పైపు, బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ పైపు, పెట్రోలు ట్యాంకు ఆవిరిని తెచ్చే సన్నని పైపు, మానిఫోల్డ్ కింద ఉండే సపోర్టు పట్టీ, వైర్లను పట్టుకునే క్లిప్పులు, చివరగా ఎర్తు వైరు. ఇప్పుడు టార్చి పట్టుకుని ఒక్కొక్కదాన్ని వేలితో తాకి చూడండి. కంటితో చూసి సరిపెట్టుకోవద్దు. కనెక్టర్ పెట్టినట్టే కనిపిస్తుంది, లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. సరిగా కూర్చుంటే చిన్న టిక్ శబ్దం వినిపిస్తుంది.

ఎర్తు వైరును చాలామంది మరచిపోతారు. అది మానిఫోల్డ్ బోల్టు కిందనో, ఇంజన్ మీద దాని పక్కనో ఉంటుంది. అది వదిలేస్తే ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు లోపాలు ఒకేసారి కనిపిస్తాయి. ఇంజన్ కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ నిండా లోపాల కోడ్లు వచ్చాయంటే నేను మొదట చూసేది ఎర్తునే.

స్టార్ట్ అయింది. కానీ ఆర్పీఎం 1,800 నుంచి 2,000 దగ్గర నిలబడిపోయింది, కిందికి దిగడం లేదు. ఎందుకు?

నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఈ ప్రశ్నే. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

మన కాలువకు లాకు దగ్గర తూము ఉంటుంది. కిందికి ఎంత నీరు వదలాలో లస్కరు తలుపు ఎత్తీ దించీ చూసుకుంటాడు. ఇంజన్‌కు గాలి విషయంలో థ్రోటిల్ అటువంటి తూము. ఇప్పుడు తూముకు దిగువన గట్టు తెగి, పక్కనున్న మురుగు కాలువ నీరు కూడా లోపలికి వచ్చి పడుతోందనుకోండి. లస్కరు తలుపు పూర్తిగా దించినా కాలువ నిండుగానే పారుతుంది. మానిఫోల్డ్‌కు, సిలిండర్ హెడ్‌కు మధ్య సందు ఉంటే ఇంజన్‌లో జరిగేది ఇదే. థ్రోటిల్ మూసి ఉన్నా సందులోంచి గాలి వస్తూనే ఉంటుంది, ఇంజన్ పరుగు ఆపదు.

సందు పడే చోట్లు ఎక్కువేమీ లేవు. మానిఫోల్డ్ ప్యాకింగ్ (అతుకు మధ్య వేసే రబ్బరు) గాడి తప్పడం, థ్రోటిల్ బాడీ ప్యాకింగ్ పెట్టడం మరచిపోవడం, మ్యాప్ సెన్సర్ చివర ఉండే చిన్న రబ్బరు రింగు జారిపోవడం, ఇంజెక్టర్ కింది రింగు తెగడం, పీసీవీ పైపో బూస్టర్ పైపో ఎక్కకపోవడం. మొదటిసారి చేసిన పనిలో సందు వీటిని దాటి ఎక్కడో ఉండడం నేను అరుదుగా చూశాను.

కిందటి ఏడాది రాజోలు వైపు నుంచి ఒక అబ్బాయి చించినాడ వంతెన మీదుగా కారు తెచ్చాడు. రెండు వేల ఆర్పీఎం. అప్పటికే థ్రోటిల్ బాడీ కొత్తది కొన్నాడు, మ్యాప్ సెన్సర్ కూడా మార్చాడు. మానిఫోల్డ్ విప్పి చూస్తే మూడో పోర్టు చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు గాడిలోంచి కొద్దిగా బయటికి జారి, లోహానికీ ప్లాస్టిక్‌కూ మధ్య నలిగి ఉంది. గోటితో నొక్కినట్టు ఒక మెరిసే గీత, దాని చివర బియ్యపు గింజంత చీలిక. అంతే. మానిఫోల్డ్‌ను పైకి ఎత్తి పెట్టేటప్పుడు రింగు ఊడి పడకుండా చూసుకుని ఉంటే ఆ రెండు భాగాల డబ్బు మిగిలేది. రింగుకు వేలి కొసతో కొద్దిగా గ్రీజు పూసి గాడిలో అంటించి పెడితే కదలదు.

గాలి సందు ఎక్కడుందో ఇంట్లోనే ఎలా కనిపెట్టాలి?

మూడు పద్ధతులు చెబుతాను, తేలికైనదానితో మొదలుపెట్టి.

అర మీటరు సన్నని రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ అంచు వెంట మెల్లగా నడపండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సందు దగ్గరికి రాగానే బుస్సుమనే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్యాను బెల్టుకు గొట్టం, చొక్కా చేతులు తగలకుండా చూసుకోండి.

రెండోది, మొక్కలకు నీళ్లు చల్లే సీసా. మానిఫోల్డ్ హెడ్‌ను కలిసే గీత మీద సన్నగా నీళ్లు కొట్టండి. సందు ఉన్న చోట నీరు లోపలికి లాగబడి, ఒక్క క్షణం ఐడ్లింగ్ (కాలు తొక్కకుండా ఇంజన్ తిరగడం) శబ్దం మారుతుంది. ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే కాయిళ్ల మీద, కనెక్టర్ల మీద పడకుండా చల్లాలి. వీడియోల్లో ఇదే పని కార్బురేటర్ క్లీనర్‌తో చేసి చూపిస్తారు. నేను వద్దంటాను. అది పెట్రోలులాగే మండుతుంది, వేడెక్కిన సైలెన్సర్ మానిఫోల్డ్ ఎదురుగానే ఉంటుంది. అగరబత్తి వెలిగించి పొగ ఎటు లాగుతుందో చూడమని కూడా కొందరు చెబుతున్నారు. పెట్రోలు పైపులు విప్పి బిగించిన ఇంజన్ దగ్గర నిప్పు పెట్టే ఆలోచనే రానివ్వకండి.

మూడోది పొగ యంత్రం. మానిఫోల్డ్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే సందులోంచి దారంలా బయటికి వస్తుంది. దీన్ని మించిన పద్ధతి లేదు. ఇప్పుడు భీమవరం, రాజమహేంద్రవరం వంటి ఊళ్లలో పెద్ద షెడ్లలో దొరుకుతోంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా మానిఫోల్డ్‌కు తగిలించకండి. ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ మానిఫోల్డ్ అతుకులు, ఇంజన్ సీళ్లు తట్టుకోవు.

గాలి సందు ఉంటే పి0171 కోడు తప్పక వస్తుందని విన్నాను. నా కారులో ఆర్పీఎం ఎక్కువగా ఉంది కానీ ఆ కోడు రాలేదు. అంటే సందు లేనట్టేనా?

కాదు. ఇక్కడ చాలామంది దారి తప్పుతున్నారు కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ఇంజన్‌లోకి వచ్చే గాలిని లెక్కపెట్టడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. కొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టర్ తర్వాత గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. ఆ సెన్సర్ దాటాక సందులోంచి వచ్చిన గాలి లెక్కలోకి రాదు. లెక్కకు మించిన గాలి, దానికి సరిపడని పెట్రోలు. అందుకే అటువంటి కార్లలో మిశ్రమం పలచబడి పి0171 వస్తుంది. విదేశీ వీడియోల్లో ఎక్కువగా కనిపించేవి ఈ కార్లే.

మన దగ్గర తిరిగే మారుతి, హ్యుందాయ్ చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు. వాటిలో మ్యాప్ సెన్సర్ మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలుస్తుంది. సందులోంచి వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిని పెంచుతుంది, సెన్సర్ దాన్ని చూస్తుంది, ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. మిశ్రమం పెద్దగా చెడదు, ఇంజన్ మాత్రం వేగంగా తిరుగుతుంది. కాబట్టి ఈ కార్లలో సందుకు గుర్తు ఎత్తిన ఐడ్లింగ్. కోడు వస్తే పి0507 రావచ్చు, అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందని. సందు ఒకే సిలిండర్ పోర్టు దగ్గర ఉంటే మాత్రం ఆ సిలిండర్ ఒక్కటే పలచబడి, ఐడ్లింగ్‌లో మిస్సింగ్ కొడుతుంది, అంటే ఒక్కోసారి మండకుండా వదిలేస్తుంది.

స్కానర్ కొన్నాను. కోడ్లు కాకుండా ఇంకేమి చూడాలి?

నాలుగు అంకెలు చాలు.

ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి మ్యాప్ విలువ చూడండి. మన డెల్టా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి అది 100 కిలోపాస్కల్‌లకు అటూ ఇటూగా కనిపించాలి. ఇంజన్ వేడెక్కి, ఏసీ ఆపి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు అదే విలువ దాదాపు 30 నుంచి 40 మధ్యకు దిగాలి. 50 దాటి అక్కడే ఉంటే గాలి ఎక్కడినుంచో వస్తోంది. ఇంజన్ నడుస్తున్నా 100 దగ్గరే కదలకుండా ఉంటే సెన్సర్ మానిఫోల్డ్‌లో సరిగా కూర్చోలేదు, లేదా దాని రంధ్రం మూసుకుపోయింది.

రెండోది లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత. మే నెల మధ్యాహ్నం మా షెడ్డులో ఒక స్కానర్ మైనస్ 40 డిగ్రీలు చూపించింది. నర్సాపురంలో కాదు, హిమాలయాల్లోనూ మామూలుగా చూడని చలి అది. ఆ అంకె కనిపిస్తే ఇక వెతుకులాట అక్కర్లేదు, సెన్సర్ కనెక్టర్ పెట్టలేదు లేదా వైరు తెగింది. చాలా కార్లలో ఈ ఉష్ణోగ్రత సెన్సర్, మ్యాప్ సెన్సర్ ఒకే డబ్బాలో ఉంటాయి.

మూడోది, నాలుగోది ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే అంకెలు), తక్షణమైనది ఒకటి, దీర్ఘకాలికమైనది ఒకటి. రెండూ కలిపి ప్లస్ 10, మైనస్ 10 శాతం లోపల ఉంటే కంగారు లేదు. గాలి ప్రవాహ సెన్సర్ ఉన్న కారులో ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 ఆర్పీఎం వద్ద మామూలుకు వస్తే అది గాలి సందు. వేగం పెంచేకొద్దీ ప్లస్ ఇంకా పెరిగితే గాలి సంగతి వదిలేసి పెట్రోలు పంపు, ఫిల్టర్, రైలు ఒత్తిడి చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్ మార్చినా పోలేదు.

స్కానర్‌లో పి0301, 302, 303, 304లలో ఏది వచ్చిందో చూడండి, చివరి అంకె సిలిండర్ సంఖ్య. ముందుగా ఆ సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ లాగి పెట్టండి. తర్వాత రెండు ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒకదాని బదులు ఒకటి పెట్టారేమో చూడండి. వైరు పొడవు రెండింటికీ అందేలా ఉంటే ఈ పొరపాటు చాలా సులభంగా జరుగుతుంది. కాయిళ్ల కనెక్టర్లూ అంతే. అలా తారుమారైతే మిస్సింగ్‌తో పాటు ఇన్‌టేక్‌లోంచి టప్పుమని వెనక్కి కొట్టే శబ్దం కూడా వస్తుంది.

అవన్నీ సరిగా ఉంటే ఆ సిలిండర్ కాయిల్‌ను పక్క సిలిండర్‌తో మార్చి చూడండి. లోపం కాయిల్‌తో పాటు కదిలితే కాయిల్. కదలకపోతే ఇంజెక్టర్, లేదా ఆ పోర్టు ప్యాకింగ్.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు.

రైలు విప్పినప్పుడు అందులో పెట్రోలు పోయి గాలి చేరుతుంది. తాళాన్ని ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆపండి, స్టార్ట్ చేయకుండా అలా మూడు నాలుగుసార్లు చేయండి. ప్రతిసారీ వెనుక సీటు కింద పంపు సన్నగా మూలగడం వినాలి. వినిపించకపోతే, ఒత్తిడి వదలడానికి మీరు తీసిన ఫ్యూజో రిలేనో తిరిగి పెట్టారా అని చూడండి. ఈ ఒక్కదానికి టోయింగ్ బండి పిలిపించుకున్న వాళ్లు ఉన్నారు. పంపు నడుస్తున్నా అందుకోకపోతే థ్రోటిల్ కనెక్టర్, ఎర్తు వైరు, పని చేస్తున్నప్పుడు నలిగిన క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని చూసేది) వైరు, ఈ వరుసలో చూడండి.

పెట్రోలు వాసన వస్తోంది. కొంచెమే. నడిపేయవచ్చా?

వద్దు. తాళం ఆపండి, బ్యాటరీ మైనస్ తీయండి, బండిని తోసి బయటికి పెట్టండి. రైలులో పెట్రోలు 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో ఉంటుంది. రింగు దగ్గర ఒక చుక్క కారుతోందంటే ఇంజన్ నడుస్తున్నప్పుడు అది తుంపరగా చిమ్ముతుంది. ఇంజెక్టర్ పైనా కిందా ఉండే రబ్బరు రింగులను పని చేసిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. కొద్దిగా ఇంజన్ ఆయిల్ రాసి, తిప్పకుండా నిటారుగా నొక్కాలి. పొడిగా తోస్తే రింగు అంచు తెగుతుంది, తెగిన ముక్క ఇంజెక్టర్ నోట్లోకి కూడా పోవచ్చు.

రింగులన్నీ పొడిగా ఉండి, పెట్రోలు పోయించాక మాత్రమే వాసన వచ్చి బండి ఆగిపోతుంటే ట్యాంకు ఆవిరి పైపును చూడండి.

స్టార్ట్ చేయగానే లోపల టకటక శబ్దం వచ్చింది.

వెంటనే ఆపండి. మళ్లీ స్టార్ట్ చేసి విందామని అనుకోవద్దు, ఒక్కసారి కూడా. మానిఫోల్డ్ తీసినప్పుడు హెడ్‌లో పోర్టులు నోరు తెరుచుకుని ఉంటాయి. నట్టు, వాషరు, పాత ప్యాకింగ్ ముక్క, ఏది పడినా నేరుగా వాల్వు మీదికి పోతుంది. లోహపు ముక్క పిస్టన్ మీద పడితే కొన్ని సెకన్లలో హెడ్, పిస్టన్ రెండూ పోతాయి. ప్లగ్‌లు తీసి, ఫోనుకు తగిలించే సన్నని కెమెరా లోపలికి పంపి చూడాలి. కెమెరా లేకపోతే బండిని స్టార్ట్ చేయకుండా లాగించి షెడ్డుకు తీసుకెళ్లండి.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో పోర్టుల్లో పసుపు గుడ్డ పీలికలు కుక్కాను, నాలుగు. రాత్రి బిగించేశాక బల్ల మీద చూస్తే మూడే ఉన్నాయి. అప్పటికి పదకొండు దాటింది. మా గురువుగారు అన్నం మధ్యలో లేచి వచ్చి, మొత్తం మళ్లీ విప్పించారు. నాలుగోది రెండో పోర్టులో ఉంది. ఆ రోజు నుంచి నేను గుడ్డ వాడటం మానేసి, పోర్టులన్నింటినీ కప్పేలా ఒకే వెడల్పు టేపు అంటిస్తున్నాను. బిగించే ముందు అది కనిపించకుండా పోవడం కుదరదు.

బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంది. దీనికీ మానిఫోల్డ్‌కూ సంబంధం ఏమిటి?

పెట్రోలు కారులో బ్రేక్ బూస్టర్‌కు కావలసిన వ్యాక్యూమ్ (గాలి లాగుడు) సాధారణంగా మానిఫోల్డ్ నుంచే వస్తుంది. ఆ లావు పైపు ఊడినా, చీలినా బ్రేకు పడుతుంది కానీ రెండు కాళ్ల బలం కావాలి. అది సరిచేసే దాకా బండిని గేటు దాటించకండి. ఆ పైపు మధ్యలో ఒకవైపే గాలిని వదిలే వాల్వు ఉంటుంది, తిరగేసి పెట్టినా ఇదే లక్షణం.

బోల్టులు ఎంత బిగించాలి? గట్టిగా బిగిస్తే మంచిదే కదా?

ప్లాస్టిక్ మానిఫోల్డ్‌కు అది చాలా చెడ్డది. అది గాజు పీచు కలిపిన నైలాన్, హెడ్ అల్యూమినియం. అతిగా బిగిస్తే మానిఫోల్డ్ చెవి దగ్గర పగులుతుంది, లేదా హెడ్‌లో మర పోతుంది. సాధారణంగా 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్ల దానికి 20 నుంచి 25 ప్రాంతం. మీ ఇంజన్ సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెదే తుది మాట. బిగింపును కొలిచే టార్క్ రెంచి కొనలేకపోతే ఒక పూటకు అద్దెకో, ఎరువుకో తెచ్చుకోండి.

వరుస మరీ ముఖ్యం. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి చొప్పున చివరలకు వెళ్లాలి. మొదట చేత్తో అన్నీ, తర్వాత సగం బిగింపు, తర్వాత పూర్తి బిగింపు. ఒక చివర నుంచి బిగించుకుంటూ వస్తే రెండో చివర లేచిపోతుంది, అక్కడే సందు. మానిఫోల్డ్ కింది సపోర్టు పట్టీని అన్నింటికన్నా చివర బిగించండి, ముందే బిగిస్తే అది మానిఫోల్డ్‌ను పక్కకు లాగి పట్టుకుంటుంది.

పాత ప్యాకింగ్ బాగానే కనిపిస్తోంది. దానికే సిలికాన్ పూసి వాడవచ్చా?

కొత్తది వేయండి. వేడికి నొక్కుకుపోయిన రబ్బరు చూడటానికి బాగున్నా తిరిగి ఉబ్బదు. రబ్బరు రింగు ప్యాకింగ్‌కు సిలికాన్ పూస్తే అది జారుతుంది, లోపలికి పిండుకుని వచ్చిన సిలికాన్ తీగలు ఇంజన్‌లోకి పోతాయి. కొన్ని రకాల సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను కూడా పాడుచేస్తుంది. హెడ్ ముఖాన్ని శుభ్రం చేసేటప్పుడు ఇనుప గీకుడు పలక వద్దు, అల్యూమినియం మీద గీత పడితే అదే కొత్త సందు.

పాత సామాను కొట్లో మానిఫోల్డ్ కొన్నాను. బిగించే ముందు ఏమి చూడాలి?

హెడ్‌ను కలిసే ముఖం మీద నిటారైన ఉక్కు స్కేలు పెట్టి, కిందికి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకులు) తోసి చూడండి. 0.1 మిల్లీమీటరు పలక దూరిపోతే అది వంగిపోయింది, తిరిగి ఇచ్చేయండి. వెలుతురుకు ఎత్తి అతుకుల వెంట సన్నని చీలికల కోసం వెతకండి. లోపల సాలెగూడు, కందిరీగ మట్టి గూడు, ఎండిన వరదమట్టి ఉండవచ్చు. లంకల వైపు నీట మునిగిన బండ్ల సామాను కూడా మార్కెట్లోకి వస్తుంది కాబట్టి ఈ మాట ఊరికే చెప్పడం లేదు. గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, ఒక పగలంతా పూర్తిగా ఆరనివ్వండి. సెన్సర్ కూర్చునే రంధ్రం కొలత పాత దానితో సరిపోయిందో లేదో పోల్చండి, ఒకే ఇంజన్‌కు ఏడాదిని బట్టి మారుతుంటుంది.

మా ఊరు సముద్రానికి దగ్గర. బోల్టు తిరగడం లేదు, ఒకటి విరిగిపోయింది.

అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు వైపు నుంచి వచ్చే బండ్లలో ఇది మామూలు. ఉప్పు గాలిలో ఉక్కు బోల్టు తగిలిన చోట అల్యూమినియం హెడ్ తినబడి, తెల్లటి పొడి చేరి బోల్టు బిగుసుకుపోతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఇంకా ఎక్కువ. తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి వేయండి. విప్పే ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయండి. కిర్రుమని కదిలితే మళ్లీ నూనె, మళ్లీ కొంచెం. తొందర ఇక్కడ పనికిరాదు.

విరిగిన ముక్క బయటికి ఉంటే గట్టి కటింగ్ ప్లయర్‌తో పట్టి ప్రయత్నించవచ్చు. హెడ్ లోపలికి విరిగితే మీరు డ్రిల్లు పెట్టకండి. ఉక్కు కన్నా అల్యూమినియం మెత్తన, బిట్టు పక్కకు జారి హెడ్‌ను తినేస్తుంది. లేతు పని చేసేవారి చేత తీయించి, మర పోతే హెలికాయిల్ (కొత్త మర ఇచ్చే తీగ చుట్ట) వేయించండి. తిరిగి బిగించేటప్పుడు మర మీద కొద్దిగా యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా పూసే ముద్ద) పూస్తే వచ్చేసారి ఈ బాధ ఉండదు. అది పూసిన బోల్టు తక్కువ శ్రమకే ఎక్కువ బిగుస్తుంది, కాబట్టి బిగింపు కొంచెం తగ్గించండి.

కనెక్టర్ల లోపల పచ్చని చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడగండి. ఒక్క చిలుము పట్టిన పిన్ను వారం రోజులు తిప్పలు పెట్టగలదు.

ఇంజన్ వేడెక్కుతోంది. నేను రేడియేటర్ ముట్టుకోలేదు.

థ్రోటిల్ బాడీ కూలెంట్ పైపులు విప్పారు కదా, అక్కడ గాలి చేరింది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ గూడు కూడా మానిఫోల్డ్ పక్కనే ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, కూలెంట్ నింపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, బుడగలు ఆగే దాకా ఐడ్లింగ్‌లో ఉంచండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకండి. బోరు నీళ్లు పోయకండి, మన తీర గ్రామాల బోరు నీటిలోని ఉప్పు లోపల నుంచి తినేస్తుంది.

సందులేవీ లేవు, అయినా ఐడ్లింగ్ కొంచెం ఎక్కువగానే ఉంది.

బ్యాటరీ తీసినందువల్ల, థ్రోటిల్ శుభ్రం చేసినందువల్ల ఈసీయూ పాత లెక్కను మరచిపోయి ఉంటుంది. కొన్ని కార్లు పది, ఇరవై కిలోమీటర్లు నడిస్తే తమంతట తామే నేర్చుకుంటాయి. కొన్నింటికి స్కానర్‌తో థ్రోటిల్ లెర్నింగ్ చేయించాలి. మీ కారు పద్ధతి చూసుకోండి.

నాది డీజిల్. ఇవన్నీ దానికీ వర్తిస్తాయా?

చాలావరకు వర్తించవు. డీజిల్ ఇంజన్ వేగాన్ని గాలి కాదు, పోసే డీజిల్ నిర్ణయిస్తుంది. మానిఫోల్డ్‌లో పెట్రోలు ఇంజన్‌లా వ్యాక్యూమ్ ఉండదు, బ్రేకుకు వేరే పంపు ఉంటుంది. టర్బో ఉన్న డీజిల్‌లో సందు ఉంటే గాలి లోపలికి రాదు, ఒత్తిడితో బయటికి పోతుంది. ఐడ్లింగ్‌లో ఏమీ తెలియదు. రోడ్డెక్కి కాలు నొక్కినప్పుడు పికప్ లేకపోవడం, నల్లటి పొగ, ఈల వేసినట్టు శబ్దం, పి0299 కోడు (టర్బో ఒత్తిడి తక్కువని), ఇవే గుర్తులు. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు, పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ ప్యాకింగ్ మొదట చూడండి. మానిఫోల్డ్‌లోంచి రాలిన మసి గడ్డలు మ్యాప్ సెన్సర్ రంధ్రాన్ని మూసేసే అవకాశం కూడా ఉంది.

కారుకు గ్యాస్ కిట్ ఉంది. పెట్రోలు మీద బాగుంది, గ్యాస్ మీద కొడుతోంది.

గ్యాస్ నాజిళ్లు పాత మానిఫోల్డ్‌లో రంధ్రాలు వేసి అమర్చినవి. కొత్త మానిఫోల్డ్‌లో అవే చోట్ల, అదే వాలుతో వేయాలి. రంధ్రాలు మానిఫోల్డ్‌ను బల్ల మీద పెట్టి మాత్రమే వేయించండి, ఇంజన్ మీద ఉండగా వేస్తే పొట్టు సిలిండర్‌లోకి పోతుంది. నాజిల్ గొట్టాలు ఏ సిలిండర్‌వి దానికే వెళ్లాలి. గ్యాస్ పని అధికారం ఉన్న కిట్ మెకానిక్‌తోనే చేయించాలి, దీన్ని ఇంట్లో పెట్టుకోవద్దు.

రెండు మూడు రోజులు బండిని విప్పి ఉంచవచ్చా?

ఉంచవచ్చు, పోర్టులు మూసి. వరి కోతల తర్వాత అయితే ఎలుకల సంగతి గుర్తుంచుకోండి. క్లిప్పులు తీసి వేలాడదీసిన వైర్లు వాటికి బాగా అందుతాయి. నాలుగో రోజు కొత్త లోపం కనిపిస్తే వైరు వెంట పంటి గాట్లు వెతకండి. సంక్రాంతికి ఊరికి బయలుదేరాల్సిన ముందు రోజు మాత్రం ఈ పని మొదలుపెట్టకండి, ఒక్క రింగు తక్కువైనా పండుగ మూడు రోజులూ షాపులు ఉండవు.

అంతా సరిపోయిందని ఎలా నిర్ధారించుకోవాలి?

మొదట ఇరవై నిమిషాలు వాకిట్లోనే ఐడ్లింగ్‌లో ఉంచి, కింద కాగితం పరిచి చుక్కలు పడుతున్నాయేమో చూడండి. ఏసీ వేసి, లైట్లు వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఆర్పీఎం నిలబడుతోందా గమనించండి. తర్వాత రోడ్డు. మనది చదును నేల, ఇంజన్‌కు బరువు తెలిసే ఎత్తు ఎక్కడా లేదు. అందుకే నేను బండిని చించినాడ వంతెన దాకా తీసుకెళ్తాను. రావులపాలెం వైపు వాళ్లకు సిద్ధాంతం వంతెన ఉంది. ఏసీ వేసి, మూడో గేరులో తక్కువ వేగంతో మొదలుపెట్టి, వంతెన ఎక్కుతూ కాలు మెల్లగా నొక్కండి. పక్కన కూర్చున్నవాళ్లను స్కానర్ పట్టుకోమనండి. కుదుపు లేకుండా పైకి వెళ్లి, ట్రిమ్‌లు పది లోపల ఉండి, దిగేటప్పుడు కాలు తీయగానే మ్యాప్ విలువ బాగా కిందికి పడితే గాలి ఎక్కడా దొంగదారిన రావడం లేదు. ఇంటికి వచ్చి, పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం ఒకసారి చూసి, తక్కువైతే నింపండి.